నా ఉంగరాల జుట్టు, నాలుగు తలస్నానాల లెక్క

2021 ఆగస్టు నాటికి మా బాత్రూమ్ కిటికీ గట్టు మీద 14 సీసాలు చేరాయి. అన్నీ నా ఒక్కదాని తల కోసమే. షాంపూలు 3, కండిషనర్లు 2, రాసుకుని కడగకుండా ఉంచుకునే క్రీములు 2, జెల్‌లు 3, ప్రొటీన్ మాస్క్ ఒకటి, నురగలా వచ్చే మూస్ ఒకటి, నూనెలు 2. ఇవి కాక బీరువాలో శాటిన్ దిండు గలీబు, మైక్రోఫైబర్ టవల్, డ్రయ్యర్ మూతికి తగిలించే డిఫ్యూజర్. మా రూమ్మేట్‌కి తన సబ్బు పెట్టుకోవడానికి కూడా చోటు మిగల్లేదు. ఒక చిన్న డబ్బాలో వేసుకుని రోజూ తెచ్చుకుని, మళ్లీ పట్టుకెళ్లేది. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

నేను హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. వారానికి ఒక్క రోజు ఆఫ్. ఆ రోజులో మూడున్నర గంటలు జుట్టుకే పోయేవి. ముందు షాంపూ, కండిషనర్, తర్వాత నూనె, పాయలు తీసి క్రీము, దాని మీద జెల్, టవల్ చుట్టి 20 నిమిషాలు, ఆపైన డిఫ్యూజర్‌తో ముప్పావు గంట. ఆఫ్ వస్తోందంటే సంతోషం పోయి, ముందురోజు రాత్రి నుంచే టెన్షన్ మొదలయ్యేది.

ఒక ఆదివారం సగం తలకి జెల్ రాశాక కరెంటు పోయింది. రాత్రి ఎనిమిదింటికి నైట్ డ్యూటీ ఎక్కాలి. ఆరింటి దాకా చూశాను, రాలేదు. ఫ్యాన్ కూడా లేదు. మిగతా సగం నీళ్లు కారుతూనే ఉంది. బాత్రూమ్ గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. కోవిడ్ వార్డులో చేసినన్నాళ్లూ డ్యూటీ మధ్యలో కన్నీళ్లు పెట్టుకోనిదాన్ని. ఆ తడి జుట్టునే బిగించి ముడి వేసి, వల తగిలించి వెళ్లిపోయాను. తెల్లవారి విప్పితే మాగిన గుడ్డ వాసన వచ్చింది.

అక్కడిదాకా ఎలా వెళ్లానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మాది పాలకొల్లు. ముంగురులు, కురులు, గిరజాలు అంటూ ఈ జుట్టుకి మన భాషలో ఎన్ని ముచ్చటైన మాటలున్నాయో! మా ఇంట్లో మాత్రం పొద్దున్న ఏడున్నరకి దాని పేరు పిచ్చుక గూడు. అమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఎండు జుట్టులో దువ్వెన మాడు దగ్గర గుచ్చి కిందికి లాగేది. మధ్యలో చిక్కు అడ్డం పడితే ఇంకాస్త గట్టిగా లాగేది. దువ్వెన పళ్లు నెలకి రెండైనా విరిగేవి. రెండు జడలు పైకి మడిచి రిబ్బన్లు కట్టి పంపిస్తే, మధ్యాహ్నం అన్నాల గంట కొట్టేసరికి నుదుటి చుట్టూ వెంట్రుకలన్నీ లేచి నిలబడేవి. మా వైపు గాలిలో తేమ ఎక్కువ. ఎండిపోయిన వెంట్రుక ఆ తేమని పీల్చుకుని ఉబ్బుతుంది. ఇది చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో టీచర్లు, చుట్టాలు అందరూ అనేది ఒకటే, "తల దువ్వుకోలేదా?" అని. దువ్వుకున్నాకే అలా అయిందని చెప్పినా ఎవరూ నమ్మేవారు కాదు.

2018లో మా అన్నయ్య పెళ్లికి ముందు ఒక పార్లర్‌లో జుట్టుని సాఫీ చేసే రీబాండింగ్ చేయించుకున్నాను. ఐదు గంటలు కూర్చున్నాను. మందు ఘాటుకి కళ్లు మండాయి. వెంట్రుక లోపలి ప్రొటీన్ పోగుల్ని గంధకం బంధాలు పట్టి ఉంచుతాయి. మొదటి మందు వాటిని విడగొడుతుంది, వేడి ఇస్త్రీతో వెంట్రుకని సాఫీగా లాగుతారు, రెండో మందుతో ఆ బంధాల్ని మళ్లీ బిగిస్తారు. అలా మారిన వెంట్రుక ఇక ఉంగరం తిరగదు. కుదుళ్లలోంచి కొత్తగా వచ్చేది మాత్రం మన పాత జుట్టే. ఆ ముక్క నాకు ముందు ఎవరూ చెప్పలేదు. మూడు రోజులు తడపొద్దని, ముడి వేయొద్దని మాత్రం చెప్పారు. పెళ్లి ఫొటోల్లో నా జుట్టు నీళ్లు జారినట్టు ఉంది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ సంతోషపడ్డాను. అది అబద్ధం కాదు.

తర్వాత కొన్ని నెలలకోసారి వెళ్లి కుదుళ్ల దగ్గర పెరిగిన జుట్టుకి మళ్లీ చేయించుకునేదాన్ని. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పార్లర్లు మూతపడ్డాయి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ ఏడాది చివరికి పైన బెత్తెడు పైగా ఉంగరాలు, కింద జీవం లేని తీగల్లాంటి సాఫీ జుట్టు. రెండూ కలిసే చోట పుటుక్కుమని తెగేది. ఒకరోజు డ్యూటీ దిగి పీపీఈ క్యాప్ తీశాను. చెమటకి తడిసిన కొత్త జుట్టు మెడ మీద చుట్టలు చుట్టుకుని ఉంది. ఒక పాయ పట్టుకుని చూపుడువేలికి చుడితే దానంతటదే చుట్టుకుపోయింది, వదిలితే స్ప్రింగులా వెనక్కి వెళ్లింది. చిన్నప్పటి నుంచీ నెత్తిన ఉన్నదాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. ఇక రీబాండింగ్ వద్దనుకున్నాను.

సాఫీ కొసలు కత్తిరించేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. చివరికి తిరుపతి తీసుకెళ్లి, కల్యాణకట్టలో మూడు కత్తెరలు ఇప్పించాక, "ఇప్పుడు నీ ఇష్టం" అంది. హైదరాబాద్ వచ్చాక మెడ దాకా కత్తిరించుకున్నాను.

ఆ తర్వాతే అసలు తిప్పలు. ఉంగరాల జుట్టుని ఎలా చూసుకోవాలో నేర్చుకుందామని ఫోన్ తెరిస్తే అదొక పెద్ద కోర్సు. ముందు నీ జుట్టు 2ఏ (కొద్దిపాటి అలలు) నుంచి 4సి (బిగుతు చుట్టలు) లోపు ఏ రకమో తేల్చుకో. తర్వాత పోరోసిటీ, అంటే వెంట్రుక నీళ్లని ఎంత పీల్చుకుంటుందో తేల్చుకో. అందుకు రాలిన వెంట్రుకని గ్లాసు నీళ్లలో వేసి, తేలుతుందా మునుగుతుందా అని చూడాలట. నేను మూడుసార్లు వేశాను, మూడు రకాల జవాబులు వచ్చాయి. నూనె పట్టిన వెంట్రుక ఎలాగూ తేలుతుంది. శాంపిల్ సరిగ్గా తీయకపోతే రిపోర్టుకి విలువుండదని రోజూ జూనియర్లకి చెప్పేదాన్ని, ఆ గ్లాసు ముందు మాత్రం అరగంట కూర్చునేదాన్ని. ఒకరు షాంపూలో నురగ తెప్పించే సల్ఫేట్ ముట్టొద్దంటారు, ఒకరు జుట్టుకి నునుపునిచ్చే సిలికోన్ ముట్టొద్దంటారు, ఇంకొకరు అసలు షాంపూయే వద్దు, కండిషనర్‌తో కడుక్కోమంటారు. జుట్టు వాడిపోతే తేమ ఎక్కువైందట, గట్టిపడితే ప్రొటీన్ ఎక్కువైందట. ఏది జరిగినా తప్పు నాదే, మందు ఇంకో సీసా. అలా 14 అయ్యాయి.

షాంపూ మానేసి కండిషనర్‌తో కడుక్కున్న రెండు నెలల్లో మాడు నిండా చుండ్రు వచ్చింది. క్యాప్ కింద చెమట, పైన నూనె, దాని మీద క్రీము. ఇక దురదకి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. మా ఆస్పత్రి స్కిన్ డాక్టర్ గారికి చూపిస్తే, "ముందు మాడుని శుభ్రం చేయండి సిస్టర్, జుట్టు సంగతి తర్వాత" అన్నారు. కీటోకొనజోల్ షాంపూ రాశారు. వారానికి రెండుసార్లు, 5 నిమిషాలు ఉంచి కడగాలి. నాలుగు వారాల్లో తగ్గింది. మన ఎండల్లో, దుమ్ములో తిరిగేవాళ్లు షాంపూ మానేయడం మంచిది కాదని నేను గట్టిగా చెప్తాను. ఉంగరాల జుట్టు పొడిబారుతుంది, నిజమే. మాడులో పుట్టే నూనె సాఫీ వెంట్రుక మీద జారినట్టు వంపుల మీదుగా కొసల దాకా దిగదు. కానీ కొసలు పొడిగా ఉన్నాయని మాడుని మురికిగా ఉంచుకోకూడదు.

ఆ కరెంటు పోయిన ఆదివారం తర్వాత మళ్లీ పార్లర్‌కి వెళ్లి సాఫీ చేయించుకుందామనుకున్నాను. అపాయింట్‌మెంట్ కూడా అడిగాను.

అప్పుడే నాకు ఆర్థో వార్డులో డ్యూటీ పడింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఒక మామ్మగారు, వయసు 70 దాటింది. ఇంట్లో కొన్నాళ్లు, ఆస్పత్రిలో కొన్నాళ్లు వెల్లకిలా పడుకునే ఉండటంతో తల వెనక జుట్టంతా అట్టకట్టి అరచేయంత ముద్దయింది. అదీ ఉంగరాల జుట్టే, తెల్లగా, సన్నగా ఉంది. దిండుకి రాసుకుని మాడు ఎర్రబడింది. "కత్తిరించేయండి సిస్టర్, ఎలాగూ దువ్వలేం" అంది వాళ్ల కోడలు. మామ్మగారు కళ్లు తెరవకుండానే "వద్దమ్మా" అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే రోగికి తల దువ్వడం నేర్పిస్తారు. పాయలుగా విడదీయాలి, చిక్కుకి పైన ఎడమ చేత్తో గట్టిగా పట్టుకోవాలి, అప్పుడు లాగుడు మాడు దాకా వెళ్లదు. కొసల దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి రావాలి. నేను తల కింద టవల్ పరిచి, కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి ఆ ముద్దకి పట్టించి, మిగతా పనులు చూసుకుని అరగంట తర్వాత వచ్చాను. దువ్వెన తీయలేదు. ముద్ద అంచున వేలికి దొరికిన నాలుగు వెంట్రుకల్ని విడదీశాను. తర్వాత ఇంకో నాలుగు. నూనెకి మెత్తబడ్డాక ఒక్కో పోగూ జారుతూ విడివడింది. మొదటి సాయంత్రం సగం అయింది. రెండో సాయంత్రం ఇంకో 40 నిమిషాలు పట్టింది. చివర్లో వెడల్పు పళ్ల దువ్వెనతో కొసలు దువ్వుతుంటే చిన్నగా గురక వినబడింది. మామ్మగారు నిద్రపోయారు. ఎక్కడైనా నొప్పి పెట్టి ఉంటే ఆవిడకి నిద్ర పట్టేది కాదు.

డ్యూటీ రూములో చేతులు కడుక్కుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పీట మీద నాకు ఎవరూ చేయనిది, నాకు నేను కూడా చేసుకోనిది, ఒక రోగికి మాత్రం ఏ సీసా లేకుండా చేయగలిగాను. వార్డులో ఒకేసారి ఆరు మందులు మారిస్తే ఏది పనిచేసిందో, ఏది వికటించిందో ఎవరికీ తెలియదు. నా తల మీద నేను ఏడాదిగా చేస్తున్నది అదే.

ఇంటికొచ్చి పాత నోట్‌బుక్ తీసి గీతలు గీశాను, కేస్ షీట్ లాగా. తేదీ, ఏ నీళ్లు, ఏం రాశాను, ఎలా ఆరింది, రెండో రోజు ఎలా ఉంది. ఒకటే షరతు పెట్టుకున్నాను: ఒకసారి ఒక్క మార్పే, దాన్ని నాలుగు తలస్నానాల దాకా కదిలించకూడదు. వారానికి రెండు తలస్నానాలు కాబట్టి ఒక్కో మార్పుకి రెండు వారాలు. గట్టు మీద ఒక మామూలు షాంపూ, ఒక కండిషనర్ ఉంచి, మిగతా 12 అట్టపెట్టెలో వేసి మంచం కిందికి తోశాను. ఆ రోజు మా రూమ్మేట్ సబ్బు గట్టు మీదికి వచ్చింది.

మొదటి మార్పు నీళ్లు. మా ఇంట్లో బోరు నీళ్లు, కుళాయిల మూతుల మీద తెల్లగా ఉప్పు గడ్డకట్టి ఉంటుంది. ఆ సున్నం వెంట్రుకల మీదా పేరుకుంటుంది. చివర పోసుకునే రెండు మగ్గులు మాత్రం మంజీరా నీళ్లు, అంటే నది నుంచి నగరానికి వచ్చే మంచినీళ్లు పోసుకున్నాను. కొసల గరుకు తగ్గింది. అద్భుతమేమీ కాదు, తగ్గిందంతే.

రెండోది దువ్వడం. ఎండు జుట్టుకి దువ్వెన తగలనివ్వడం పూర్తిగా మానేశాను. తలస్నానంలో కండిషనర్ దట్టంగా పట్టించి, ముందు వేళ్లతో, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో, కొసల నుంచి పైకి. మామ్మగారికి చేసినట్టే చిక్కుకి పైన చేత్తో పట్టుకుని. నా షీట్‌లో అన్నిటికంటే పెద్ద తేడా దీనితోనే కనబడింది. అంతకుముందు బాత్రూమ్ జాలీ మీద పిడికెడు జుట్టు చేరేది, అందులో సగం పొట్టి ముక్కలే. అంటే కుదుళ్ల నుంచి రాలింది కాదు, నేను తెంపింది. నాలుగో తలస్నానానికి ఆ ముక్కలు దాదాపు కనబడలేదు. మీరు ఒక్కటే మార్చగలిగితే ఇది మార్చండి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడోది నూనె. తలస్నానం తర్వాత రాసుకునేదాన్ని కాస్తా రెండు గంటల ముందు రాసుకోవడానికి మారాను. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో ముంబయి పరిశోధకులు ప్రచురించారు. సన్‌ఫ్లవర్ నూనెకి, మినరల్ ఆయిల్‌కి వాళ్ల పరీక్షల్లో ఆ గుణం కనబడలేదు. నేను ఖరీదైనవి రెండు కొని పెట్టుకున్నాను, వంటింట్లో ఉన్నదే సరిపోయింది. అయితే చుండ్రు తిరగబెట్టకుండా మాడుకి కాకుండా, చెవుల కింది నుంచి కొసల దాకా మాత్రమే రాస్తాను.

నాలుగోది జెల్. కొన్న మూడూ పక్కన పెట్టి అవిసె గింజలతో చేశాను. నాలుగు పెద్ద చెంచాల గింజలు, అర లీటరు నీళ్లు, సన్నని మంట. ఎనిమిది తొమ్మిది నిమిషాలకి నీళ్లు చిక్కబడి, గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది. అప్పుడే దించి వేడి మీదే వడకట్టాలి. మొదటిసారి నేను చల్లారనిచ్చాను. గింజలూ జిగురూ ఒక్క ముద్దై పల్చటి గుడ్డలోంచి బొట్టు కూడా దిగలేదు. ఫ్రిజ్‌లో వారం నిల్వ ఉంటుంది.

దీన్ని రాసే పద్ధతిలోనే కిటుకంతా ఉంది. టవల్‌తో తుడవకముందే, నీళ్లు కారుతుండగానే రాయాలి. వెంట్రుక తడిసినప్పుడు లోపలి హైడ్రోజన్ బంధాలు వదులవుతాయి, ఆరుతున్నప్పుడు మళ్లీ ముడిపడతాయి. ఆ సమయంలో వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే నిలుస్తుంది. కాబట్టి జెల్ రాసి, పాత నూలు చీర ముక్కతో కింది నుంచి పైకి ఒత్తి వదిలేస్తాను. ఆరేదాకా చెయ్యి పెట్టను. ఆరాక కరకరలాడుతూ గంజి పెట్టిన బట్టలా ఉంటుంది. గుప్పిట్లో పట్టుకుని నలిపితే ఆ పెళుసు పోయి మెత్తటి ఉంగరాలు మిగులుతాయి. డిఫ్యూజర్ అక్కర్లేదు. అందుకే తలస్నానం నైట్ డ్యూటీ దిగిన పొద్దున్నకి మార్చుకున్నాను. నేను పడుకునేలోపు ఫ్యాన్ కింద సగం ఆరిపోతుంది.

పనికిరానివీ షీట్‌లో ఉన్నాయి. ప్రొటీన్ మాస్క్ నా జుట్టుని చీపురు పుల్లల్లా చేసింది. శాటిన్ గలీబుతో నాకు చెప్పుకోదగ్గ తేడా తెలియలేదు, పడుకునేటప్పుడు జుట్టు నడినెత్తికి వదులుగా కట్టుకోవడంతో తెలిసింది. ఇంకొకటి, షీట్ కోసం అద్దంలో చూసుకుంటూ ఉంటే కణతల దగ్గర జుట్టు పలచబడిందని గమనించాను. ఏళ్ల తరబడి డ్యూటీకి బిగించి వేసుకున్న ముడి వల్ల. ఇప్పుడు వదులుగా ఒక జడ అల్లి, దాన్ని చుట్టి పిన్నులు పెడతాను. అక్కడ సన్నగా కొత్త వెంట్రుకలు వచ్చాయి, ఇంకా పూర్తిగా నిండలేదు.

2022 సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. భోగి రోజు అమ్మ కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేణ్నీళ్లలో నానబెట్టి ఉంచింది. వద్దనలేకపోయాను. మాడు తేలికపడి హాయిగా అనిపించింది, కానీ జుట్టు ఆరాక కొబ్బరి పీచైపోయింది. కుంకుడు రసం జిడ్డుని ఊడ్చిపెట్టేస్తుంది, నా జుట్టుకి ఉన్నదే కొంచెం. పాతకాలం పద్ధతులన్నీ అందరికీ సరిపోతాయని నేను అనను. అమ్మ మొహం చిన్నబోయింది. కాసేపు ఆలోచించి, "ఆగు, మీ అమ్మమ్మ కుంకుడు పోశాక మందారాకు పట్టించేది. అది మర్చిపోయాను" అని పెరట్లోకి వెళ్లింది. గుప్పెడు ఆకులు నీళ్లలో వేసి పిసికితే ఆకుపచ్చటి జిగురు వచ్చింది. వేళ్ల మధ్య సాగుతూ, అచ్చం నా అవిసె జెల్ లాగే. ఆ జిగురు పట్టించి, నేను చెప్పినట్టు కొసల నుంచి అమ్మే చిక్కు తీసింది.

నేను ఒక్కసారి కూడా "అబ్బా" అనలేదు. అది అమ్మా గమనించినట్టుంది.

"చిన్నప్పుడు ఇలా తీసుంటే ఏడ్చేదానివి కాదేమో" అంది.

"నీకెవరు చెప్పారమ్మా అప్పుడు?"

"ముగ్గురు పిల్లలు, ఏడున్నరకి మూడు క్యారేజీలు. అమ్మమ్మ చేసేది చూశాను గానీ నాకు అంత తీరికెక్కడిదే" అని, చేతిలో ఉన్న పాయ పూర్తిచేసి పక్కకి వేసి, ఇంకోటి అందుకుంది.

ఇప్పుడు గట్టు మీద షాంపూ, కండిషనర్, పక్కన కీటోకొనజోల్ సీసా ఉంటాయి. ఆ చివరిది చుండ్రు మొదలైనట్టు అనిపిస్తేనే తీస్తాను. మొత్తం పని ముప్పావు గంట, ఆరే సమయం వేరు. వర్షాకాలంలో ఇప్పటికీ నా మాట వినదు, ఆ రోజుల్లో జడ అల్లేసి డ్యూటీకి వెళ్లిపోతాను. అట్టపెట్టెలోని సీసాల్లో కొన్ని తోటి నర్సులకి ఇచ్చాను, మిగతావి గడువు తీరిపోయి పడేశాను.

పోయిన నెల అమ్మ పాలకొల్లు నుంచి బస్సు పార్శిల్‌లో మందారాకులు పంపింది, తడిగుడ్డలో చుట్టి, పైన అరిటాకు కట్టి. దారిలో సగం నల్లబడ్డాయి. బాగున్నవి ఏరితే రెండు గుప్పెళ్లు వచ్చాయి. షీట్‌లో కొత్త గీత గీసి "అవిసె బదులు మందారం, 1" అని రాసుకున్నాను. ఇంకా మూడు తలస్నానాలున్నాయి. ఆకులు సరిపోవు, అమ్మకి ఫోన్ చేయాలి.